ముఖపు ముడుతల శస్త్రచికిత్స: కోలుకునే రోజుల చరిత్ర

కిందటి నెలలో మా దూరపు బంధువు ఒకామె ఫోన్ చేసింది. ఉపాధ్యాయినిగా పదవీ విరమణ చేసి ఏడాది దాటింది. కుమార్తె పెళ్ళి కుదిరింది, ముహూర్తానికి ఐదు వారాలే వ్యవధి. "అన్నయ్యా, బుగ్గలు జారిపోయాయి, గడ్డం కింద చర్మం వేలాడుతోంది. ఫేస్ లిఫ్ట్ చేయించుకుంటే రెండు వారాల్లో మామూలుగా తిరగవచ్చని ఒక క్లినిక్‌లో చెప్పారు. ఎవరికీ తెలియకుండా అయిపోతుందట. నిజమేనా?" అని అడిగింది.

ఆ ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి. ఎన్నాళ్ళకు కోలుకుంటాం అన్నది ఒకటి, ఎవరికీ తెలియకుండా కోలుకోగలమా అన్నది మరొకటి. ఈ రెండూ ఆ శస్త్రచికిత్సతోపాటే పుట్టాయి. దాని వయస్సు ఇప్పుడు నూట ఇరవై ఏళ్ళు పైబడింది. ఈ కాలంలో గాటు పెట్టే చోటు మారింది, బిగించే పొర మారింది, మత్తుమందులు మారాయి. గాయం మానడానికి శరీరం తీసుకునే గడువు మాత్రం అంగుళం కూడా జరగలేదు. ఆ గడువును కుదించాలనీ, కుదరకపోతే దాచాలనీ వైద్యులూ రోగులూ చేసిన ప్రయత్నాలు ఈ చికిత్స చరిత్రలో చాలా భాగాన్ని ఆక్రమించాయి. అందువల్ల ఆమెకు చెప్పిన సమాధానాన్ని మీకు చరిత్రతో కలిపి చెబుతాను.

ముందుగా ఒక్క మాట. ఫేస్ లిఫ్ట్ అంటే చెవుల ముందు, చెవుల వెనుక, జుట్టు మొదళ్ళలో గాటు పెట్టి, జారిన చర్మాన్నీ దాని కింది పొరనూ పైకి, వెనుకకు లాగి బిగించి, మిగిలిపోయిన చర్మాన్ని కత్తిరించి కుట్టడం. కనురెప్పలు, నుదురు, ముక్కు వేరే శస్త్రచికిత్సల కిందికి వస్తాయి. వాటిని ఇక్కడ ముట్టుకోను.

బెర్లిన్‌లో మొదలు

1901లో బెర్లిన్ నగరంలో ఓయిగెన్ హోలెండర్ అనే శస్త్రవైద్యుని వద్దకు పోలెండు దేశపు ఉన్నత కుటుంబానికి చెందిన ఒక స్త్రీ వచ్చింది. చెవుల పక్కన కొద్దిగా చర్మం కత్తిరించి కుడితే బుగ్గలూ నోటి మూలలూ పైకి లేస్తాయని, బొమ్మ గీసి మరీ ఆయనకు చూపించిందట. ఈ చికిత్స ఆలోచన వైద్యునిది కాదు, రోగిది అన్నమాట. ఆమె పోరు పడలేక చేశానన్నట్లుగా హోలెండర్ చాలా ఏళ్ళ తరువాత రాసుకున్నాడు. మరో జర్మన్ వైద్యుడు ఎరిక్ లెక్సర్ తాను 1906లో ఒక నటికి ఇలాంటి శస్త్రచికిత్స చేశానని 1931లో ప్రకటించాడు. ఎవరు ముందు అన్న తగవు నాకు ముఖ్యం కాదు. రోగులకంటె ముందు వైద్యులే ఈ పనిని పాతికేళ్ళు దాచుకున్నారన్నది గమనించదగిన విషయం. జబ్బు లేని మనిషిని కోయడం వారికే సిగ్గుగా ఉండేది.

సిగ్గుతోపాటు భయం కూడా ఉండేది. ఆనాటి ప్రధానమైన మత్తుమందులలో ఒకటైన క్లోరోఫాం కొందరిని బల్లమీదనే చంపేది. ఆ మరణాలకు కారణం గుండె ఆగడమా, శ్వాస ఆగడమా అన్న వివాదం తేల్చడానికి 1888, 1889 సంవత్సరాలలో రెండు విచారణ సంఘాలు పనిచేసింది మన హైదరాబాదులోనే. నిజాం ప్రభుత్వం ఖర్చు భరించింది, ఎడ్వర్డ్ లారీ అనే ఆంగ్ల వైద్యుడు నడిపించాడు. శ్వాసను కనిపెట్టుకుని ఉంటే చాలు, గుండెకు భయం లేదని అవి తేల్చాయి. ఆ తీర్పు సరికాదని, క్లోరోఫాం గుండె లయను నేరుగా చెడగొట్టగలదని తరువాతి ప్రయోగాలు చూపాయి. ముడుతల కోసం ఆరోగ్యవంతుని అంత ప్రమాదంలోకి నెట్టడానికి ఏ వైద్యునికి చేతులు వస్తాయి? కోసే చోట మాత్రమే స్పర్శ పోగొట్టే మందులు వచ్చాకే ఈ చికిత్సకు దారి ఏర్పడింది. 1884లో కొకెయిన్ కంటి శస్త్రచికిత్సలకు వచ్చింది. 1905లో నోవొకెయిన్ వచ్చింది. దానికి అడ్రినలిన్ కలిపి ఎక్కిస్తే రక్తనాళాలు ముడుచుకుని నెత్తురు తక్కువగా కారేది. ఈ అడ్రినలిన్ సంగతి గుర్తుంచుకోండి, దీనితో మళ్ళీ పని పడుతుంది.

ఆ తొలి శస్త్రచికిత్సలు చాలా చిన్నవి. జుట్టు అంచున, చెవి ముందు కోలాకారంలో చర్మపు ముక్కలు తీసి అంచులు దగ్గరకు కుట్టేవారు. చర్మాన్ని కింది పొరనుంచి విడదీసేవారు కాదు. అందువల్ల వాపు తక్కువ, కమలడం తక్కువ. రోగి అదే రోజు ఇంటికి నడిచి వెళ్ళేవాడు. కాని లాగిన బరువంతా కుట్ల మీదనే పడేది. చర్మానికి సాగే గుణం ఉంది, కొద్ది నెలల్లో సాగి ముఖం మళ్ళీ పాత తీరుకు వచ్చేది, మచ్చలు మాత్రం వెడల్పై మిగిలేవి.

ఇంతకంటె సులభమైన దారి కూడా ఆ రోజుల్లో ఒకటి ప్రచారంలోకి వచ్చింది. 1899లో వియన్నా శస్త్రవైద్యుడు రాబర్ట్ గెర్సూనీ మెత్తని పారఫిన్‌ను చర్మం కింద సూదితో ఎక్కించే పద్ధతిని మొదలుపెట్టాడు. కోత లేదు, కుట్టు లేదు, కోలుకునే రోజులూ లేవు. ముఖం నునుపుగా కనబడేది. కొన్నేళ్ళకు ఆ మైనం జారి గడ్డలు కట్టేది, చర్మం పుండ్లు పడేది. మార్ల్‌బరో డచెస్‌గా పేరొందిన గ్లాడిస్ డీకన్ యౌవనంలో ముక్కు తీరు కోసం పారఫిన్ ఎక్కించుకుంది. అది గడ్డం వైపు జారిపోయి, యూరప్ అంతా మెచ్చుకున్న ఆ ముఖం శాశ్వతంగా పాడైంది. 'మధ్యాహ్నం వచ్చి సాయంత్రం పార్టీకి వెళ్ళండి' అనే ప్రకటనలు ఇప్పుడు చూసినప్పుడల్లా నాకు ఆమె గుర్తుకు వస్తుంది.

పారిస్ వైద్యురాలు

ఈ చరిత్రలో నాకు ఎక్కువ గౌరవం ఉన్న వ్యక్తి సుజాన్ నొయెల్. 1878లో ఫ్రాన్సులో పుట్టింది. పెళ్ళయిన తరువాత వైద్యం చదివింది. చర్మవ్యాధులలోనూ శస్త్రచికిత్సలోనూ శిక్షణ పొందింది. సుప్రసిద్ధ నటి సారా బెర్న్‌హార్ట్ అమెరికాలో కణతల వద్ద చర్మం తీయించుకుని తిరిగివచ్చిందన్న వార్త 1912 ప్రాంతంలో ఆమె దృష్టికి వచ్చింది. ముఖం పైభాగం బాగుపడింది, కింది భాగం అలాగే ఉంది. నొయెల్ అద్దం ముందు కూర్చుని తన ముఖాన్నే వేళ్ళతో పట్టి లాగి, ఎక్కడ ఎంత తీస్తే ఏ ముడుత పోతుందో లెక్క కట్టింది. తరువాత బెర్న్‌హార్ట్ ముఖాన్ని సవరించింది కూడా ఆమెయేనంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికులకు ఇపొలీత్ మోరెస్తాఁ అనే శస్త్రవైద్యునితో కలిసి పనిచేసింది.

యుద్ధం తరువాత పారిస్‌లోని తన నివాసంలోనే శస్త్రచికిత్సలు చేసేది. స్థానికంగా మత్తు ఇచ్చి, జుట్టు మాటున చిన్న కోతలు పెట్టి, జుట్టు దువ్వి కుట్లు కప్పి, అదే రోజు ఇంటికి పంపేది. ఒకేసారి అంతా చేయకుండా విడతలుగా చేసేది. ఇంట్లోవారికి, పనిచేసే చోట తెలియకూడదన్నది రోగుల కోరిక. వారిలో చాలామంది సంపన్నులు కారు. ముఖం వాడిందని ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో వచ్చిన స్త్రీలు. 1926లో ఆమె వెలువరించిన గ్రంథం పేరులోనే 'సౌందర్య శస్త్రచికిత్స, దాని సామాజిక పాత్ర' అన్న అర్థం ఉంది. స్త్రీలకు ఓటు హక్కు కావాలని పోరాడిన మనిషి ఆమె. డబ్బులేని వారికి ఉచితంగా చేసేది. సౌందర్య శస్త్రచికిత్స అనగానే మనలో చాలామంది పెదవి విరుస్తారు, నేనూ ఒకప్పుడు విరిచినవాడినే. ఉద్యోగం నిలుపుకోవడానికి వచ్చిన ఆ పారిస్ గుమాస్తాల గురించి చదివిన తరువాత ఆ విసురు తగ్గింది.

కాని ఆమె పద్ధతిని చూపి 'వందేళ్ళ క్రితమే అదే రోజు ఇంటికి పంపారు, ఇప్పుడు రెండు వారాలెందుకు?' అని అడిగేవారికి జవాబు చెప్పాలి. ఆమె చేసింది చిన్న కోత. ఈనాడు చేస్తున్నది పెద్దది. పేరు ఒకటే గాని శరీరం మాన్చుకోవలసిన గాయం వేరు.

అదే యుద్ధకాలంలో ఇంగ్లండులోని సిడ్‌కప్ వద్ద 1917లో మొదలై హెరాల్డ్ గిల్లీస్ నడిపిన ఆసుపత్రిలో ఐదువేల మందికి పైగా సైనికులకు పదకొండు వేలకు పైగా శస్త్రచికిత్సలు జరిగాయి. వాపు పూర్తిగా తగ్గేవరకు ఆగి తరువాతి కోతకు దిగడం ఆయన అక్కడ నేర్చుకున్న పాఠం. తొందరపడిన చోట అతికిన చర్మం చచ్చిపోయేది. ఆ వార్డులలో అద్దాలు ఉంచేవారు కాదు. ఎందుకో కాసేపట్లో మీకే అర్థమవుతుంది.

మొదటి రాత్రి

1920లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ వైద్యుడు అడాల్బర్ట్ బెట్‌మన్ కణత నుంచి చెవి ముందుగా దిగి, తమ్మె కిందుగా తిరిగి, చెవి వెనుకకు పోయే ఒకే పొడవాటి గాటును వర్ణించాడు. ఇంచుమించు ఈనాటికీ గాటు అదే. ఆ దశాబ్దంలోనే బుగ్గమీది చర్మాన్ని కింది పొరనుంచి విడదీసి, దుప్పటిలాగా ఎత్తి, లాగి, పరిచే పద్ధతి స్థిరపడింది. ఫలితం మెరుగైంది, ఎక్కువ కాలం నిలిచింది. దానితోపాటు చర్మానికీ కింది పొరకూ నడుమ ఒక ఖాళీ ఏర్పడింది. ఫేస్ లిఫ్ట్ తరువాతి కష్టాలలో చాలావాటికి మూలం ఆ ఖాళీయే.

శస్త్రచికిత్స ముగిసేటప్పటికి నెత్తురు కారడం ఆగినట్లే ఉంటుంది. అడ్రినలిన్ ప్రభావం కొన్ని గంటలలో తగ్గుతుంది. ముడుచుకున్న రక్తనాళాలు తెరుచుకుంటాయి. మత్తు దిగేకొద్దీ ఆందోళన, నొప్పి, వాంతి, మూత్రం బిగిసి ఉండటం, వీటన్నిటితో రక్తపోటు పెరుగుతుంది. చిన్న నాళం ఒకటి తెగితే ఆ ఖాళీలో నెత్తురు గూడు కడుతుంది. వైద్యులు దీనినే హెమటోమా అంటారు. ఫేస్ లిఫ్ట్ తరువాత ఎక్కువగా వచ్చే తీవ్రమైన ఉపద్రవం ఇదే, చాలావరకు మొదటి 24 గంటలలోనే వస్తుంది. పురుషులలో స్త్రీలకంటె సుమారు రెండింతలు ఎక్కువ. శస్త్రచికిత్స తరువాత పెరిగే రక్తపోటుకూ హెమటోమాకూ ఉన్న సంబంధాన్ని చూపే పరిశీలనలు 1976, 1977 సంవత్సరాలలో అమెరికా ప్లాస్టిక్ సర్జరీ పత్రికలో వెలువడ్డాయి. వాటిలో ఒకటి వరుసగా చేసిన 500 ఫేస్ లిఫ్టులను పరిశీలించింది. అప్పటినుంచి మొదటి రాత్రి రక్తపోటును మాటిమాటికీ చూడటం, పెరిగితే వెంటనే తగ్గించడం మంచి ఆసుపత్రులలో నియమమైంది. చెవి వెనుక సన్నని గొట్టం పెట్టినంత మాత్రాన నెత్తురు గూడు కట్టదని ధీమా పనికిరాదు.

మీరు గుర్తుంచుకోవలసినది ఇది. ఫేస్ లిఫ్ట్ తరువాత నొప్పి సాధారణంగా భరించలేనంత ఉండదు. బిగుతు ఉంటుంది, సలుపు ఉంటుంది, మామూలు నొప్పి మాత్రలకు లొంగుతుంది. ఒక పక్కనే నొప్పి గంట గంటకూ పెరుగుతుంటే, ఆ పక్క బుగ్గ గట్టిపడి ఉబ్బుతుంటే, మింగడం లేక ఊపిరి కష్టమైతే, తెల్లవారేదాకా ఆగకూడదు. ఆ నెత్తురును వెంటనే తీసివేస్తే సాధారణంగా పెద్ద నష్టం ఉండదు. ఆలస్యమైతే ఉబ్బిన చర్మానికి రక్తం అందక అది నల్లబడి చచ్చిపోతుంది.

నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక రాత్రి రెండు గంటలకు అత్యవసర విభాగానికి ఒక వ్యాపారిని లాడ్జి కుర్రవాడు ఆటోలో తీసుకువచ్చాడు. తలచుట్టూ కట్టు, ఎడమ బుగ్గ గుమ్మడిపండంత. ఉదయం ఒక చోట ఫేస్ లిఫ్ట్ చేసి సాయంత్రం పంపివేశారు. ఇంట్లో తిరుపతి వెళుతున్నానని చెప్పి వచ్చాడు కనుక ఇంటికి వెళ్ళలేక లాడ్జిలో ఒంటరిగా పడుకున్నాడు. నొప్పి రాత్రి తొమ్మిదికే మొదలైందట. పిలవడానికి పక్కన మనిషి లేడు, ఎవరికైనా చెప్పడానికి మొహమాటం. మా శస్త్రవైద్యుడు నెత్తురు తీసివేశాడు, ప్రాణానికి ఏమీ కాలేదు, చెవి ముందు రూపాయి బిళ్ళంత చర్మం పోయింది. ఆ మచ్చ దాచుకోవడానికి అతడు తరువాత చెంపలు పెంచాడని విన్నాను. 'ఎవరికీ తెలియకుండా' అన్నమాట వినగానే నాకు భయం వేయడానికి కారణం అదే. కనీసం రెండు రాత్రులు పక్కన ఒక మనిషి ఉండాలి, వారికి విషయం తెలిసి ఉండాలి.

చర్మానికి రక్తం అందడమన్నది మన దేశానికి ప్రాచీన కాలంనుంచి తెలిసిన రహస్యం. సుశ్రుత సంహితలో బుగ్గ చర్మాన్ని మొదలు తెగకుండా తిప్పి తెగిన ముక్కుకు అతికే పద్ధతి ఉంది. పూనా ప్రాంతంలో నుదుటి చర్మంతో కవాస్జీ అనే బండివానికి ముక్కు కట్టిన వృత్తాంతం 1794లో లండన్ పత్రికలో అచ్చయి యూరప్ వైద్యులను కదిలించింది. మొదలు అంటిపెట్టుకుని ఉన్నంతవరకు చర్మం బ్రతుకుతుంది. ఫేస్ లిఫ్టులో ఎత్తిన చర్మమూ అలాంటిదే. బుగ్గ వైపున మొదలు ఉంటుంది, చెవి వెనుక కొస ఉంటుంది. ఆ కొసకు రక్తం చేర్చే సన్నని నాళాలను ముడిచేది పొగాకులోని నికొటిన్. థామస్ రీస్, ఆయన సహచరులు 1984లో ప్రచురించిన పరిశీలనలో పొగతాగేవారికి చర్మం చచ్చిపోయే ప్రమాదం తాగనివారికంటె సుమారు పన్నెండు రెట్లు ఎక్కువని తేలింది. పన్నెండు రెట్లు! సిగరెట్టు కావచ్చు, బీడీ కావచ్చు, చుట్ట కావచ్చు, ఖైనీ కావచ్చు, శస్త్రచికిత్సకు కనీసం నాలుగు వారాల ముందు, తరువాత మరో నాలుగు వారాలు మానాలి. మానానని వైద్యునికి అబద్ధం చెప్పేవారు చాలామంది. ఆ అబద్ధం చెవి వెనుక నల్లగా బయటపడుతుంది.

లోపలి పొర, మొద్దుబారిన చెవి

1976లో పారిస్ వైద్యులు మిట్జ్, పెరొనీ బుగ్గ చర్మం కింద ముఖ కండరాలను కలిపే ఒక పలుచని గట్టి పొరను స్పష్టంగా వర్ణించారు. దాని పొడవాటి పేరును కుదించి స్మాస్ అంటారు. అంతకు ముందే స్వీడన్‌లో టోర్డ్ స్కూగ్ ఆ పొరను చర్మంతో కలిపి ఎత్తి చూపాడు. 1990లో అమెరికాలో శామ్ హామ్రా ఇంకా లోతుకు వెళ్ళి డీప్ ప్లేన్ పద్ధతిని ప్రకటించాడు. బరువును ఆ లోపలి పొర మోస్తే చర్మం మీద లాగుడు ఉండదు, మచ్చ సన్నగా మానుతుంది, ముఖం గాలికి ఎదురు నిలిచినట్లు బిగుసుకుపోదు. ఫలితం ఏళ్ళ తరబడి నిలుస్తుంది. దీనికి మూల్యం ఉంది. ఆ పొర కిందనే ముఖనాడి కొమ్మలు పోతాయి. అక్కడ వాపు తగ్గడానికి ఎక్కువ కాలం పడుతుంది.

పెదవి ఒక పక్క వంకరగా కదలడం, కనుబొమ మీదికి లేవకపోవడం మొదటి రోజున కనిపిస్తే అది చాలాసార్లు మత్తుమందు ప్రభావమే, కొన్ని గంటలకు పోతుంది. నాడి సాగినా నలిగినా వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఎక్కువమందిలో తిరిగి వస్తుంది. శాశ్వతంగా ఉండిపోవడం అరుదు. అరుదు అన్నది లేదు అన్నదానికి సమానం కాదు కనుక ముందే వైద్యుని అడిగి తెలుసుకోండి.

స్పర్శ పోవడం మాత్రం దాదాపు అందరికీ ఉంటుంది. చెవుల ముందు, బుగ్గలమీద, చెవి తమ్మెలలో వారాలనుంచి నెలల వరకు మొద్దుబారి ఉంటుంది. మన ఇళ్ళలో వాపు కనబడితే కాపడం పెట్టడం అలవాటు. ఇక్కడ అది ప్రమాదం. స్పర్శలేని చర్మానికి వేడి తెలియదు, కాలి బొబ్బలెక్కేదాకా తెలియదు. తలస్నానం తరువాత జుట్టు ఆరబెట్టే వేడిగాలి యంత్రం కూడా అంతే. ఐసు ముక్కలు నేరుగా పెట్టినా చర్మం దెబ్బతింటుంది. మగవారు గడ్డం గీసుకునేటప్పుడు తెగినా తెలియదు. బరువైన కమ్మలు, జూకాలు కొన్ని వారాలు పెట్టరాదు. పసుపు, ఆకు పసర్లు కుట్ల దరిదాపులకు రానీయకండి.

అద్దం ముందు రెండో వారం

వాపు మొదటి రోజుకంటె రెండవ, మూడవ రోజున ఎక్కువ అవుతుంది. ఇది తెలియక చాలామంది హడలిపోతారు. రెండు పక్కలా సమానంగా, నొప్పి లేకుండా పెరిగే వాపు మామూలుదే. కమిలిన రంగు ఊదా నుంచి ఆకుపచ్చకు, పసుపుకు మారుతూ మెడమీదికి, ఒక్కోసారి ఎదురు రొమ్ము పైకి దిగుతుంది. అది కొత్త గాయం కాదు, పాత నెత్తురు కిందికి జారడమే. చెవి ముందు కుట్లు అయిదు నుంచి ఏడు రోజులకు, చెవి వెనుక, జుట్టులోనివి సుమారు పది రోజులకు తీస్తారు. తల ఎత్తుగా ఉండేలా దిండ్లు పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి. వంగి ముగ్గు వేయడం, నీళ్ళ బకెట్లు ఎత్తడం, సాష్టాంగ నమస్కారాలు, మలబద్ధకంతో ముక్కడం, ఇవన్నీ ముఖానికి రక్తాన్ని తోస్తాయి. శీర్షాసనం సంగతి చెప్పనే అక్కరలేదు. నడక రెండవ రోజునుంచే మంచిది, శ్రమతో కూడిన వ్యాయామానికి నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి.

ఈ రోజుల్లోనే మనస్సు కుంగుతుంది. అద్దంలో ఉబ్బి, రంగులు తేలి, ఎడమ కుడి సమానంగా లేని అపరిచితుని ముఖం కనబడుతుంది. ఇందుకా ఇంత డబ్బు పోశాను అనిపిస్తుంది. అమెరికాలో ప్లాస్టిక్ శస్త్రవైద్యుడు జాన్ గోయిన్, ఆయన భార్య, మనోవైద్యురాలు మార్షా గోయిన్ కలిసి ఫేస్ లిఫ్ట్ చేయించుకున్న 50 మంది స్త్రీలను ముందూ తరువాతా పరిశీలించి 1980లో ఫలితాలు ప్రకటించారు. కోలుకునే రోజుల్లో దిగులు రావడం అసాధారణం కాదని, అది ఎక్కువమందిలో దానంతట అదే తగ్గుతుందని తేలింది. సిడ్‌కప్ వార్డులో అద్దాలు ఎందుకు లేవో ఇప్పుడు తెలిసింది కదా. సైనికుల గాయాలతో ఈ గాయానికి పోలిక లేదు, కాని మానకముందే తీర్పు చెప్పుకోవద్దన్న బుద్ధి రెండు చోట్లా ఒకటే.

సినిమాలు ఈ విషయంలో మేలుకంటె కీడే ఎక్కువ చేశాయి. కట్టు విప్పగానే కొత్త ముఖం బయటపడటం వెండితెరకు ఇష్టమైన ఘట్టం. 1973లో ఎలిజబెత్ టేలర్ నటించిన 'యాష్ వెన్స్‌డే' చిత్రంలో నిజమైన ఫేస్ లిఫ్ట్ దృశ్యాలు చూపారు, కోతా నెత్తురూ దాచలేదు. అయినా కథలో నాయిక కొద్ది నిమిషాలలోనే మిలమిల మెరుస్తుంది. చూసే జనానికి నడుమ గడిచే నెలలు కనపడవు. దాపరికాన్ని కొంత తొలగించింది ఒక రాజకీయ కుటుంబపు స్త్రీ. అమెరికా మాజీ అధ్యక్షుని భార్య బెట్టీ ఫోర్డ్ 1978లో ఫేస్ లిఫ్ట్ చేయించుకుని ఆ మాట బహిరంగంగా చెప్పింది. అంతకు నాలుగేళ్ళ ముందు తన రొమ్ము కాన్సరు విషయం దాచకుండా చెప్పి ఎందరో స్త్రీలను పరీక్షలకు కదిలించినది కూడా ఆమెయే.

గాయపు మచ్చ గురించి మన చర్మానికి ప్రత్యేకంగా చెప్పవలసింది ఉంది. పాఠ్యపుస్తకాల బొమ్మలు ఎక్కువగా తెల్లచర్మంవి. మన చామనఛాయలో, నలుపులో మచ్చ మొదట ఎర్రబడటానికి బదులు గోధుమరంగుకో నలుపుకో తిరుగుతుంది. ఎండ తగిలితే కమిలిన చోట ఆ రంగు నెలల తరబడి నిలుస్తుంది. ఎండకు గొడుగు, సన్‌స్క్రీన్ లేపనం తప్పనిసరి. చెవి కుట్టించుకున్న చోట గాని, టీకా వేసిన చోట గాని గడ్డలాగా లేచిన మచ్చ మీకుంటే కీలాయిడ్ తత్వం ఉందన్నమాట, ఆ విషయం వైద్యునికి ముందే చెప్పాలి. కుట్లు తీసిన రోజున గాయం మానినట్లు కనిపిస్తుంది గాని మూడు వారాలకు దాని బలం మామూలు చర్మపు బలంలో అయిదో వంతు మాత్రమే. మూడు నెలలకు ఎనభై శాతం దగ్గరకు చేరి అక్కడ ఆగుతుంది. మచ్చ మెత్తబడి పలుచబడటానికి ఏడాది పడుతుంది. ఈ లెక్కలు హోలెండర్ రోగికీ ఇవే, నొయెల్ రోగికీ ఇవే, రేపు మీకూ ఇవే.

రెండు వారాలకు కూరల బజారుకు వెళ్ళవచ్చు. మూడు వారాలకు ఉద్యోగానికి పోవచ్చు. దగ్గరనుంచి చూసే చుట్టాల నడుమ, కెమెరా దీపాల కింద గంటల తరబడి నిలబడటానికి మూడు నెలలైనా కావాలి. మా బంధువుకు ఈ మాటే చెప్పాను. మాటల మధ్యలో మరో రెండు సంగతులు తెలిశాయి. ఆమె రక్తపోటుకు రోజూ మాత్ర వేసుకుంటుంది. రెండేళ్ళ క్రితం గుండె రక్తనాళంలో స్టెంట్ పెట్టారు కనుక ఆస్పిరిన్ కూడా వేసుకుంటుంది. క్లినిక్‌లో ఈ రెండూ ఎవరూ అడగలేదట. ఆస్పిరిన్ నెత్తురు కారడాన్ని పెంచుతుంది, కాబట్టి సాధారణంగా ముందే ఆపమంటారు. స్టెంట్ ఉన్నవారు గుండె వైద్యుని అడగకుండా ఆపితే అసలు ప్రాణానికే ముప్పు రావచ్చు. అందువల్ల పెళ్ళి కానిచ్చి, గుండె వైద్యుని చూసి, ఆయన సరేనంటే, కుమార్తెకో కొడుక్కో విషయం చెప్పి, రాత్రి ఉంచుకుని రక్తపోటు చూసే ఆసుపత్రిలోనే ఆలోచించమన్నాను.

కొంతసేపు మాట్లాడలేదు. "అయితే పెళ్ళి ఫొటోల్లో ఇలాగేనా అన్నయ్యా?" అంది.

ఇలాగేనమ్మా అన్నాను.